బానెట్ కింద నీళ్లు

నది మీది మాంగో వంతెన ఎక్కుతుంటే బండి మళ్లీ వణికింది. చిన్నారావు యాక్సిలరేటర్ కాస్త నొక్కితే చాలు, స్టీరింగుతో పాటు సీటు కూడా గజగజలాడుతోంది. కాలు తీస్తే నిమ్మళిస్తోంది. వెనక ఆటోవాళ్లు హారన్లు మోగించి తిట్టుకుంటూ దాటిపోతున్నారు.

వెనక సీట్లో ఉన్న కాంట్రాక్టరు వెంకటరావు చెవి దగ్గర్నుంచి ఫోను తీశాడు. "ఏట్రా ఇది? నిన్న పూజ చేయించిన బండేనా?"

"తెల్లారిన కాడ్నుంచీ ఇలాగే సేత్తంది బాబూ. అప్పలరాజు కాడ ఓపాలి సూపిత్తే..."

"పదిన్నరకి ఆదిత్యపూర్‌లో ఉండాల నాను. పోనీ, బేగి చూపించు."

చిన్నారావు ఆయన దగ్గర ఆరేళ్లుగా డ్రైవరు. జీతం పన్నెండు వేల ఐదువందలు. ఆదివారం సెలవని పేరే గానీ, ఆ రోజు ఆయన భార్య పద్మకుమారి అమ్మగారిని గుడికీ బజారుకీ తిప్పాలి. వలస వచ్చిన ఈ ఉక్కు ఊళ్లో బండ్లు తోలేవాళ్లకు కొదవ లేదు. ఈ పని పోతే మళ్లీ ఏదైనా ఫ్యాక్టరీ గేటు ముందు రోజుకూలీల వరసలో నిలబడాల్సిందే.

వంతెన దిగగానే మెకానిక్కు అప్పలరాజు షెడ్డు. అప్పలరాజు తనే స్టీరింగు పట్టుకుని ఓ చుట్టు తిరిగి వచ్చాడు.

"చక్రాల్ది కాదు సార్. చక్రాలదైతే కాలు తీసినా ఊగుతాది. ఇది బరువు పడినప్పుడే ఊగుతంది. ఓ సిలిండరు పన్జెయ్యట్లేదు."

ఇంజను నడుస్తుండగానే ఒక్కో సిలిండరుకు కరెంటు అందించే కాయిల్ వైరు ఊడదీసి మళ్లీ పెట్టసాగాడు. మొదటిది ఊడదీస్తే ఇంజను కుంటింది. రెండోదీ అంతే. మూడోది తీసినప్పుడు మాత్రం ఏ తేడా లేదు, ఉన్నా లేకపోయినా ఒకటే. ఇంజను ఆపి ఆ కాయిల్ పైకి లాగాడు. దాని రబ్బరు నుంచి నీళ్లు కారాయి. టార్చి వేసి లోపలికి చూపించాడు. స్పార్క్ ప్లగ్గు నిలిచిన నీళ్లలో మునిగి ఉంది.

"బానెట్ ఎత్తి ప్రెషర్ పైపు కొట్టినారేటి? ఎవులు సేసినారీ ధులాయి, ఈ కడుగుడు?"

చిన్నారావు ఓరకంట వెంకటరావు వైపు చూశాడు.

నిన్న విశ్వకర్మ పూజ. ఆ రోజు ఈ ఊళ్లో రెంచీ నుంచి క్రేను దాకా అన్నీ తలంటుకుని, బొట్టు పెట్టుకుని దేవుడి ముందు కూర్చుంటాయి. పైపైన కడిగి పైపు కట్టేయబోయిన చిన్నారావును వెంకటరావే అడ్డుకున్నాడు. 'బానెట్ ఎత్తు. దేవుడు పైపైనే చూస్తాడేట్రా?' అన్నాడు. 'లోపల వైర్లున్నాయి బాబూ' అంటే, 'నువ్వా నాకు నేర్పేది' అని కసిరి పైపు తానే అందుకున్నాడు. చిన్నారావుకు కోపం రాలేదు. పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టకుండా ఉన్నాడు. దేవుడి పని, కాస్త ఎక్కువే కానిద్దాం అనుకున్నాడు.

"కాయిల్ పందొమ్మిది వందలు, ప్లగ్గు రెండు వందల యాభై, నా మజూరీ మూడు వందల యాభై," అన్నాడు అప్పలరాజు. "డ్రైవరు తప్పు కాదు సార్, నీల్లు పోసినోడిది."

వెంకటరావు అతనివైపు చూసి చిన్నగా నవ్వాడు. "నా బల్లు ఆరూ నీ షెడ్డుకే గదా వత్తాయి, అప్పలరాజూ?"

అప్పలరాజు తలవంచి నీళ్లు తుడవడానికి గుడ్డ అందుకున్నాడు.

అరగంటలో పని అయింది. ఇంజను పిలిచీ పిలవకముందే పలికింది. ఎంత రేసు చేసినా కుదురుగా ఉంది.

"రెండు వేల ఐదువందలూ ఈ నెల నీ జీతంలో పోతాయి," అన్నాడు వెంకటరావు.

చిన్నారావు కళ్లు దించుకున్నాడు. "సరే బాబూ."

ఆయన ఇంకా కదల్లేదు. దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు. "మరోటి ఉంది. ఇంట్లో అమ్మగారు పొద్దున్న ఈ బండెక్కి వీధి చివర్లోనే దిగిపోనాది. పూజ అయిన బండి వనికిందంటే ఎవడో మైల చేత్తో ముట్టుకున్నాడంటంది. నిన్న మీ బస్తీలో యాట తెగిందంట గదా?"

"నాను తిన్లేదు బాబూ. సాయంత్రం పెసాదం తిన్నాకే మంచినీల్లు తాగినాను."

"నాకు తెలీదేట్రా! అయినా ఆవిడికి ఏదో ఒకటి సెప్పాల గదా. మంగలారం పంతుల్ని పిలిచి శాంతి చేయిత్తంది. కొబ్బరికాయ పట్టుకుని, నానే మైలపడి ముట్టాను, తప్పయిపోనాది తల్లీ అను. మూడు ముక్కలు. అయిపోద్ది."

"ఇంజన్లోకి నీల్లు పోనాయని సెప్పండి బాబూ. పోసింది నానే అని సెప్పండి, పడతాను."

"నీల్లకి బండి వనుకుతాదంటే నమ్ముద్దేటి ఆవిడ?"

ఆమె నమ్మదని కాదు. నిన్న పైపు ఎవరి చేతిలో ఉందో ఆమె కిటికీలోంచి చూసింది, నీళ్లని చెబితే తప్పు ఆయన మీదికే వస్తుందని చిన్నారావుకు తెలుసు. జీతం కోత కొత్త కాదు. మాట పడటమూ కొత్త కాదు. కానీ నిన్న తన చేత్తో స్టీరింగుకు పసుపు రాస్తూ, ఒక్క క్షణం ఆ బండి తనదేనని అనుకున్నాడు. ఆ చేతిని మైల చెయ్యి అని తన నోటితో, దేవుడి ముందు, నలుగురూ వింటుండగా అనాలి. ఆ దేవుడు నిన్న తన పూజ అందుకున్నాడా లేదా? అందుకుని ఉంటే ఈ మాట ఎవరికి చెబుతున్నట్టు?

"డబ్బులు కోసుకోండి బాబూ," అన్నాడు. "ఆ మాట మాత్రం నాననను."

వెంకటరావు అతన్ని కాసేపు ఎగాదిగా చూశాడు. "బాగా బలిసినావురా," అన్నాడు మెల్లగా. వెనక తలుపు తీసుకుని కూర్చుని, ధడేలున వేసుకున్నాడు. "టైమవుతంది. ఎక్కు. మంగలారం సంగతి మంగలారం చూద్దాం."

అప్పలరాజు పక్కకు వచ్చి గుసగుసగా, "ఎక్కరా తమ్మీ, మాటే గదా," అన్నాడు.

ఇంజను నడుస్తూనే ఉంది. ముందు తలుపు బార్లా తెరిచి ఉంది. బండి రోడ్డుకు అడ్డంగా ఉండటంతో వెనకవాళ్లు హారను మీద హారను కొడుతున్నారు, దారి ఇవ్వమని. చిన్నారావు రెండు చేతులూ ఒంటికి ఆనించుకుని ఖాళీ సీటు పక్కన నిలబడ్డాడు. ఎక్కలేదు.