గొడుగు విప్పని గార్డు

హిందీ మాట్లాడే రైల్వే ఊళ్ళో, మంగ్లా పేటలో కొత్తగా పెట్టిన కాఫీ హోటలు మేడ మీద, ఆ ఆదివారం మధ్యాహ్నం, తనూజ మైకు పట్టుకుని నిలబడింది. ముందు వరసలో రాయ్‌పూర్ నుంచి వచ్చిన జయప్రకాష్ కూర్చున్నాడు. ఊరూరా హాస్య ప్రదర్శనలు పెట్టి, నవ్వించేవాళ్ళకి జీతమిచ్చే మనిషి. ఇవాళ నచ్చితే తనూజని పనిలోకి తీసుకుంటాడు. నచ్చకపోతే, రైల్వే లోకో షెడ్డులో పనిచేసే నాన్న రాంప్రసాద్‌కి ఇచ్చిన మాట ప్రకారం రేపటి నుంచి బ్యాంకు పరీక్షల కోచింగే.

ఈ రోజు కోసం ఆ పిల్ల ‘గార్డుగారి గొడుగు’ సినిమాలో వాన సీను పట్టుకుంది. పాత నవల మీద తీసిన సినిమా అది. తనూజకి తెలుగు కూడబలుక్కుంటే గానీ చదవడం రాదు. అందుకని ఫోనులో సీను చూసి చూసి, హిందీలోకి మార్చి బట్టీ కొట్టింది. నానమ్మ కనకమహాలక్ష్మి మాత్రం ముక్కు చిట్లించింది. సినిమాలో రైలు గార్డు బురదలో జారిపడతాడు, గొడుగు ఎగిరి పెళ్ళివారి పప్పు గుండిగలో పడుతుంది, డప్పులు మోగుతాయి.

"నవల్లో ఆడు జారనే జారడే. రాసినాయనకి మనిషిని పడదొయ్యకుండా నవ్వించడం తెలుసు" అంది ముసలమ్మ. తనూజ చెవిన పెట్టలేదు.

ఇప్పుడు జారింది, పడింది, నోటితో డప్పు కొట్టింది. ఎవరో కుర్చీ జరుపుకున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. జయప్రకాష్ టీ ఊదుకుంటున్నాడు.

పడ్డచోటే ఉండగా నానమ్మ ఆ నవల కథ చెప్పే తీరు మనసులో మెదిలింది. ఆవిడకి అసలు చదువే రాదు. పక్క క్వార్టరు శాంతాదేవి పైకి చదువుతుంటే, ఆడవాళ్ళంతా చింతపండు పిక్కలు తీస్తూ విన్న నవల అది. లైను పక్క ఇళ్ళు కదా, బొగ్గు గూడ్సు వచ్చిందంటే పక్కనున్న మనిషి మాట వినపడదు. సరిగ్గా నవ్వొచ్చే మాట ముందు బండి వస్తే, శాంతాదేవి ఆ అక్షరం మీద వేలు పెట్టి, మొహంలో ఏమీ తెలియనివ్వకుండా ఆగిపోయేది. ఆఖరి పెట్టె దాటేదాకా అందరూ ఊపిరి బిగబట్టేవారు. బండి రాకపోయినా నానమ్మ ఇప్పటికీ ఆ చోట్లలోనే ఆగుతుంది.

తనూజ లేచి బట్టలు దులుపుకుని, హిందీలోనే, ఇంట్లో మాట్లాడినట్టు మొదలెట్టింది. గార్డుకి మామగారు గొడుగు పెట్టారు. దానికి గుడ్డ లేదు, లోపల ఊచలే ఉన్నాయి. ఆ సంగతి అల్లుడికొక్కడికే తెలుసు. కుండపోత వానలో దాన్ని చంకన పెట్టుకుని, తడిసి ముద్దై, ప్లాట్‌ఫారం మీద దొరబాబులా నడుస్తున్నాడు. స్టేషను మాస్టరు ఆపి, గొడుగుండి ఎందుకు తడుస్తున్నావయ్యా అని అడిగాడు.

తనూజ ఆగింది. తల పైకెత్తి, చంకలో లేని గొడుగుని ఇంకాస్త నొక్కిపట్టి, గూడ్సు బండి మొత్తం వెళ్ళేంతసేపు ఊరుకుంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పక్కవాళ్ళు అందుకున్నారు. ఆ నవ్వు ముందు వరస దాకా పాకాక, గార్డు పరువు పోకుండా, మెల్లిగా చెప్పింది.

"మామగారు పెట్టింది సార్. తడిస్తే పాడైపోదూ?"

మేడ దద్దరిల్లింది. జయప్రకాష్ టీ గ్లాసు కింద పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత ఆయనే దగ్గరికొచ్చాడు.

"ఆ సినిమా నేనూ చూశాను. ఇది అందులో లేదే?"

"పుస్తకంలో ఉంది సార్."

"ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"

"బోలెడు."

పనిలోకి తీసుకుంటున్నానని, వచ్చే నెల రాయ్‌పూర్‌లో అరగంట ఇస్తానని, పడిపోవడం మాత్రం మానెయ్యమని చెప్పాడు.

ఇంటికొచ్చి చెబితే రాంప్రసాద్ కోచింగు వాళ్ళకి ఫోను చేసి, మా అమ్మాయికి ఉద్యోగం వచ్చింది, రాదు అన్నాడు. ‘ఉద్యోగం’ అన్న మాట విని తనూజ కళ్ళు చెమర్చాయి. వెళ్ళి నానమ్మ పక్కన చతికిలబడింది.

"మొదట్నుంచీ చెప్పు నానమ్మా. అరగంటకి సరిపడా కావాలి."

"ఏటే, సినిమా సరిపోలేదేటి?"

"అది చూసే కదా అందరి ముందూ పడ్డాను."

ముసలమ్మ కాళ్ళు చాపుకుంది. "అచ్ఛా. అరగంటంటే కుదరదు, వారం పడతాది. వానొచ్చేది ఎప్పుడో తరవాత. ముందు ఆడి పెళ్ళవ్వాల. కూకో."