ఏనుగు పక్కన నేల

ఏనుగమ్మ ఇంట్లోంచి బయటపడాలంటే ముందు ఏనుగు బయటపడాలి. తలుపులో ఇరుక్కోకుండా దాన్ని పక్కకి వంచాలి. మెట్ల మలుపులో కావలించుకుని తిప్పాలి. కింది వాటా వాళ్ల చెప్పుల స్టాండుకి తగలకుండా దాటించాలి. ఇంతా చేసి వీధిలో పడ్డాక, ఒక్క క్షణం ఆగి ఊపిరి పీల్చుకుని, కేసు అడుగున ఉన్న చక్రం మీదకి దాన్ని వాల్చి బస్టాపు వైపు నడక మొదలుపెట్టేది.

ఏనుగంటే నిజం ఏనుగు కాదు, డబుల్ బేస్. వయొలిన్‌కి తాతలాంటి వాయిద్యం. మనిషి కంటే ఎత్తు, తీగలు తాళ్లలా లావు, గొంతు పాతాళంలోంచి వచ్చినట్టుంటుంది. అడుగున ఒంటి ఇనప కాలు. ఆ కాలు నేలకి ఆనించి, పక్కన నిలబడి వాయించాలి. దాన్ని ఈడ్చుకుంటూ ఊరంతా తిరుగుతుంది కాబట్టి తోటి వాయిద్యగాళ్లు ఆమెకి ఏనుగమ్మ అని పేరు పెట్టారు. ఇంట్లో వాళ్లు కూడా అసలు పేరు మర్చిపోయి అదే ఖాయం చేశారు.

ఆ మహానగరంలో బేస్ వాయించే వాళ్లందరికీ కారో, వ్యానో ఉంది. ఈమెకి లేదు. పొద్దున డాన్సు స్కూల్లో, మధ్యాహ్నం రికార్డింగ్ స్టూడియోలో, సాయంత్రం ఏదో హోటల్ లాబీలో. ఎక్కడికైనా బస్సు, మెట్రో, కాలినడక. ఏ స్టేషన్లో లిఫ్టు పనిచేస్తుందో, ఏ కండక్టరు విసుక్కోడో, ఏ హాలుకి వెనక గేటు వెడల్పో ఆమెకి కంఠతా వచ్చు. చిన్న ఆంప్లిఫయరు వీపున, వేదిక మీద వేసుకునే బూట్లు చేతి సంచిలో, వాన వస్తే ఏనుక్కి వేరే కోటు. ఇంత చేసీ ఆమె ఏ కచేరీకీ ఆలస్యంగా వెళ్లింది లేదు. కార్లున్న వాళ్లు ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఫోన్లు చేస్తుంటే, ఈమె అప్పటికే శ్రుతి చేసుకుని కూర్చుని ఉండేది.

బస్సులో ఆమె కోసం ఎదురుచూసే వాళ్లుండేవారు. ఎందుకంటే ఏనుగు ఇనప కాలు మోపిన చోట నేల కదలదు. చుట్టూ నాలుగడుగుల మేర, అంతే. బస్సు గుంతలో పడి వెనక సీట్ల వాళ్లు ఎగిరి పడుతున్నా, ఏనుగు పక్కన నిలబడ్డ వాళ్లకి ఇంట్లో నట్టింట్లో నిలబడ్డట్టే ఉండేది. ఆఫీసుకి వెళ్లే అమ్మాయిలు అక్కడ నిలబడి కాటుక పెట్టుకునేవారు. ఒక పెద్దాయన పొగలు కక్కే కాఫీ నిండు గ్లాసుతో తాగేవాడు. మూడంతస్తుల కేకు మోసుకెళ్లే కేకులావిడైతే ఏనుగమ్మ ఎక్కే బస్సే ఎక్కేది.

"ఇవాళ ఎక్కడ దిగుతున్నావమ్మా?" అనేది కేకులావిడ.

"స్టేడియం దగ్గరక్కా."

"ఓ రెండు స్టాపులు ముందుకి రాకూడదూ? అక్కడంతా రోడ్డు తవ్వేశారు. క్రీము కూలిపోతుంది."

ఏనుగమ్మ నవ్వి, రెండు స్టాపులు ముందుకెళ్లి వెనక్కి నడిచొచ్చేది. ఇదేమిటి ఇలా ఎందుకు జరుగుతుంది అని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. కిటికీ పక్కన గాలొస్తుంది, ఏనుగు పక్కన నేల నిలుస్తుంది. అందులో అడగడానికేముంది?

బస్సులో వాళ్ల సంగతి అలా ఉంచితే, ఆ నిలకడ అందరికంటే ఎక్కువ కావలసిన మనిషి ఇంట్లోనే ఉంది. ఆమె వదిన.

వదినది ఆకాశంలో ఉద్యోగం. టవర్ క్రేన్ నడిపేది. పొద్దున్నే నిచ్చెన మెట్లెక్కి పైన గాజు గదిలో కూర్చుంటే, కింద మనుషులు చీమల్లా కనిపించేంత ఎత్తులోంచి ఇనప కడ్డీల కట్టల్ని దూదిపింజల్లా దించేది. అన్నయ్య ఆస్పత్రి కాంటీన్లో వంట చేస్తాడు. స్టూలెక్కితేనే కళ్లు తిరిగే మనిషి. "మా ఆవిడ కిందికి దిగొస్తేనే నాకు కనిపించేది," అని గర్వంగా చెప్పుకునేవాడు.

అలాంటి వదినకి ఒక చలికాలం జ్వరమొచ్చి ఎడం చెవిలో దూరింది. జ్వరం తగ్గింది గానీ నేల తిరగడం తగ్గలేదు. నిలబడితే గది పడవలా ఊగేది. గోడలు పట్టుకుని నడిచేది. వంటిల్లు, హాలు కలిసే చోట ఏనుగుని నిలబెడితే, దాని పక్కన మాత్రం మామూలు మనిషిలా తిరిగేది. అక్కడే నిలబడి కూరలు తరిగేది, అక్కడే తల దువ్వుకునేది. ఏనుగమ్మ పనికి బయల్దేరగానే చాప వేసుకుని కింద కూర్చునేది, ఆమె తిరిగొచ్చేదాకా.

"వెళ్లిరా," అనేది. "నాకేం, రాణీలా కూర్చుంటాను."

తలుపు వేస్తున్నప్పుడల్లా ఏనుగమ్మకి గుండెల్లో కలుక్కుమనేది. అడుగున్నర దూరంలో ఉన్న నీళ్ల బిందె కూడా వదినకి అందకుండా పోతుంది తను వెళ్తే. వెళ్లకపోతే ఇల్లు గడవదు, తనూ బతకలేదు.

ఈమధ్యే డాక్టరు పరీక్షలన్నీ చేసి, "చెవి పూర్తిగా నయమైందమ్మా. మీ ఒంటికే ఆ సంగతి ఇంకా నమ్మకం కుదరలేదు," అన్నాడు. ఆ వారమే కంపెనీ నుంచి ఫోనొచ్చింది. నది ఇవతల కొత్త కట్టడం దగ్గర మనిషి కావాలి. గురువారం పొద్దున వచ్చి క్రేన్ ఎక్కి, ఒక బరువు లేపి, గీసిన గీత మీద దించి చూపించాలి. చూపిస్తే ఉద్యోగం మళ్లీ మొదలు. రాకపోతే ఇంకొకరిని తీసుకుంటారు.

వదిన ఫోను పెట్టేసి ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి అన్నం దగ్గర అన్నయ్యే బయటపెట్టాడు.

"గురువారమా?" అంది ఏనుగమ్మ.

"అందుకే చెప్పలేదు," అంది వదిన. "గురువారం నీకు నాటకశాల వాద్యబృందంలో ఆడిషన్ ఉందిగా. ఇన్నేళ్లకి శాశ్వతమైన కుర్చీ ఖాళీ అయింది. నా గొడవ నీకొద్దు."

"నాది మధ్యాహ్నం. నీది పొద్దున. ఏనుగుని నీ క్రేన్ కింద నిలబెడతాను. నువ్వు ఎక్కి దిగాక నది దాటి వెళ్లిపోతాను."

"నాలుగడుగులేనే దాని ప్రతాపం. క్రేన్ ఎత్తెంతో తెలుసా నీకు?"

"ఊరికే నిలబెడితే నాలుగడుగులు. వాయిస్తే ఎంతో ఎప్పుడైనా చూశావా?"

వదిన తల వంచుకుని మెతుకులు కెలికింది. కాసేపటికి, "నా బూట్లెక్కడ పెట్టారు?" అంది భర్తతో.

గురువారం పొద్దున ముగ్గురూ బస్సెక్కారు. వదిన దారంతా ఏనుగు భుజం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. కేకులావిడ తన కేకు పక్కకి జరిపి చోటిచ్చింది.

సైటు దగ్గర సూపర్‌వైజరు వదినని చూసి, ఆమె పక్కనున్న ఏనుగుని చూశాడు.

"ఈవిడెవరు?"

"మా ఆడపడుచండీ. నేనెక్కినంతసేపూ కింద వాయిస్తుంది."

"వాయించుకోమనండి. హెల్మెట్ మాత్రం పెట్టుకోవాలి," అన్నాడాయన, ఒకటి తీసిస్తూ.

కానీ ఆ రోజు గాలి మొండికేసింది. గాలి తగ్గితే గానీ క్రేన్ కదపనివ్వరు. గంట గడిచింది, ఇంకో గంట గడిచింది. అన్నయ్య గడియారం చూస్తాడు, ఆకాశం చూస్తాడు, చెల్లెలి మొహం చూస్తాడు. ఏనుగమ్మ ఎవరి మొహమూ చూడకుండా క్రేన్ దిమ్మె మీద ఇనప కాలుకి చోటు వెతుక్కుంటూ కూర్చుంది. ఎట్టకేలకు స్తంభానికి కట్టిన రంగు గుడ్డ ఎగరడం మాని వేలాడింది. సూపర్‌వైజరు చెయ్యి ఊపాడు.

ఏనుగమ్మ కాంక్రీటు దిమ్మె మీద ఇనప కాలు మోపి కమాను అందుకుంది. అన్నిటికంటే లావు తీగ మీద కమానుని ఈ కొస నుంచి ఆ కొసకి నిదానంగా లాగింది. ఆ శబ్దం చెవికంటే ముందు అరికాళ్లకి వినిపించింది. దిమ్మెలోకి దిగి, అక్కడినుంచి ఇనుములోకి పాకి, స్తంభం పొడుగునా పైకెక్కింది. సైటులో కాంక్రీటు మిక్సరు మీద వణుకుతున్న నీళ్ల సీసా వణకడం మానేసింది. నిచ్చెనలు ఊగకుండా పట్టుకున్న కూలీలు వాటిని వదిలేసి చేతులు దులుపుకున్నారు.

వదిన మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఆగింది. రెండో కాలు పెట్టింది. ఆ తర్వాత ఆగలేదు. ఏళ్ల తరబడి ఎక్కిన అలవాటు మోకాళ్లకి గుర్తొచ్చినట్టు చకచకా ఎక్కిపోయింది. అన్నయ్య మాత్రం తల ఎత్తే ధైర్యం లేక చెల్లెలి కమానునే చూస్తూ నిలబడ్డాడు.

"చేరిందా?" అన్నాడు.

"ఇంకా లేదు."

"చేరిందా?"

"చేరింది అన్నయ్యా. చెయ్యి ఊపుతోంది."

పైన గాజు గదిలో వదిన చేతులు కుదురుకోవడానికి ఇంకొంచెం సేపు పట్టింది. ఉత్తి కొక్కేన్నే అటూ ఇటూ తిప్పి చూసుకుంది. అప్పటికి ఏనుగమ్మ బయల్దేరవలసిన వేళ దాటిపోతోంది. అయినా కమాను ఆపలేదు. ఇక ఆడిషన్ సంగతి మర్చిపోదామని లోపల్లోపల తేల్చేసుకుంది కూడా.

అప్పుడు సూపర్‌వైజరు చేతిలో వాకీటాకీ గరగరలాడింది. వదిన గొంతు.

"దాన్ని వెళ్లమనండి."

ఏనుగమ్మ తల అడ్డంగా ఊపింది. "దించేదాకా ఉంటానని చెప్పండి."

"ఉండొద్దని చెప్పండి," అంది వదిన గొంతు. "రేపు పొద్దున కూడా ఎక్కాలి నేను. ఎల్లుండి ఎక్కాలి. రోజూ వచ్చి వాయిస్తుందా? అది ఉండగా దించితే దించింది నేనో, ఏనుగో నాకే తెలీదు. వెళ్లమనండి."

అన్నయ్య కళ్లు మూసుకున్నాడు.

ఏనుగమ్మ కమాను ఆపింది. ఆఖరి నాదం ఇనుములోంచి జారి మట్టిలో ఇంకిపోయేదాకా ఆగింది. ఇనప కాలు పైకి లాగడానికి చెయ్యి రాలేదు. ఇన్నేళ్లలో ఎన్ని వేదికల మీదినుంచి ఆ కాలు ఎత్తేసిందో! ఎప్పుడూ ఇంత బరువు లేదు. పళ్లు బిగించి ఎత్తేసింది.

మిక్సరు మీద సీసాలో నీళ్లు మళ్లీ వణికాయి. పైన క్రేన్ చెయ్యి ఒక్కసారి తడబడినట్టు ఆగింది. అంతలో ఆ పొడవాటి చెయ్యి నెమ్మదిగా కదిలింది. కడ్డీల కట్ట నేల వదిలి లేచి, ఆకాశంలో పెద్ద అర్ధచంద్రం గీసుకుంటూ వచ్చి, తెల్ల గీత పైన ఆగి, చంటిపిల్లని పక్కలో పడుకోబెట్టినట్టు గీత మీదకి దిగింది. చప్పుడు కూడా కాలేదు.

"సోమవారం నుంచి రమ్మనండి," అన్నాడు సూపర్‌వైజరు అన్నయ్యతో. ఆ మాట విన్నాకే అన్నయ్య కళ్లు తెరిచాడు. తెరిచి, మొదటిసారి తల పూర్తిగా ఎత్తి, భార్య కూర్చున్న చోటు చూశాడు.

ఏనుగమ్మ అప్పటికే గేటు దాటి పరుగులాంటి నడక నడుస్తోంది. బస్టాపు చేరేసరికి ఫోను మోగింది.

"ఎక్కడున్నావే?" వదిన.

"బస్సెక్కబోతున్నా. నీకెలా ఉంది? నేను తీసేసినప్పుడు..."

"ఒక్కసారి గది మొత్తం ఊగింది. ఇంకోసారి ఊగింది. అప్పుడు తెలిసింది, ఊగుతోంది క్రేను, నేను కాదు అని. ఇది ఎప్పుడూ ఊగేదేగా! అదంతా తర్వాత. ఆ బస్సెక్కకు. వంతెన ఇటు చివర్నుంచి అటు చివరిదాకా కార్లతో నిండిపోయింది, ఒక్కటీ కదలట్లేదు."

"నీకెలా తెలుసు?"

"పిచ్చిదానా, ఊరంతా నా కాళ్ల కిందుంది. ఎడం పక్క పసుపు గోడ సందులోకి తిరుగు. తిరిగావా? చివరికి వస్తే మెట్లుంటాయి, వద్దు. ఇంకొంచెం ముందుకెళ్తే ఏటవాలు దారుంది, నీ చక్రానికి బావుంటుంది. నదిలో ఫెర్రీ పడవ ఇటే వస్తోంది. నడు, నడు!"

ఏనుగమ్మ ఏనుగుతో సహా ఫెర్రీ ఎక్కింది. అవతలి ఒడ్డు మీద కూడా వదిన వదల్లేదు. ఏ సందులో లారీ అడ్డంగా ఉందో, ఏ ట్రాము మలుపు తిరుగుతోందో, నాటకశాల వెనక గేటు తెరిచుందో లేదో, అన్నీ చెబుతూనే ఉంది. చెబుతూ చెబుతూ మధ్యలో, "అబ్బ, ఎంత బావుందే ఈ ఊరు!" అని తనలో తనే అనుకుంది. ఆ గొంతు ఏనుగమ్మ విని చాలా కాలమైంది.

ఆడిషన్ గది ముందు ఆఖరి పేరుగా తన పేరు పిలుస్తుండగా ఆమె చేరింది. ఆమె కంటే ముందు రావలసిన ఇద్దరు ఇంకా వంతెన మీద తమ తమ కార్లలోనే ఉన్నారు. చెమట తుడుచుకుని, కమానుకి గుగ్గిలం బిళ్ల రాసుకుని లోపలికి వెళ్లింది. పొద్దుటినుంచీ వాయిస్తూనే ఉంది కాబట్టి చేతులు వేడిగా ఉన్నాయి. ఏం వాయించిందో ఆమెకి సరిగ్గా గుర్తులేదు. సగంలో సంగీత దర్శకుడు పెన్ను కింద పెట్టేసి కుర్చీలో వెనక్కి వాలిపోవడం మాత్రం గుర్తుంది.

వాయించడం అయ్యాక ఆయన పక్కవాళ్లతో ఏదో గుసగుసలాడి, లేచి వచ్చి, వచ్చే నెల నుంచి కుర్చీ ఆమెదేనని చెప్పాడు. తర్వాత ఆ వాయిద్యాన్ని పైనుంచి కిందిదాకా చూశాడు.

"మీకు కారు లేదని విన్నాను. ఇవాళ వంతెన కూడా మూసుకుపోయింది. ఇంత పెద్దదాన్ని వేసుకుని ఎలా వచ్చారండీ?"

ఏనుగమ్మ కిటికీ వైపు చూసింది. దూరంగా, నదికి ఆవల, కప్పులన్నిటికీ పైన ఒక పొడవాటి ఇనప చెయ్యి నింపాదిగా తిరుగుతోంది.

"మా వదిన తీసుకొచ్చిందండీ," అంది.