ఇత్తడి గేర్లు

వైశాఖమాసపు అపరాహ్ణమున ప్రచండమార్తాండకిరణసంతప్తమైన ఎఱ్ఱమట్టిధూళి నిప్పుకణములవలె చిమ్ముచుండ గోదావరీతీరమున ఇటుకబట్టీల నడిమి బయలునందు మూరెడేసి పొడవుగల రిమోటు కార్లు తుమ్మెదలవలె ఝుంకారము సేయుచు పరుగులెత్తుచుండెను.

రాజమహేంద్రవరమున లేతుయంత్రముపై లోహము మలచి జీవించు వీరభద్రాచారి కూతురు సుగుణ ఆ పందెమున రిమోటు పట్టియుండెను. గెలిచినవారికే హైదరాబాదు పోటీకి అర్హత గావున ఆ పదునెనిమిదేండ్ల పిల్ల రెండేండ్లుగా తిండి మఱచి సాధన చేసినదమ్మా! కారు మలుపు తిరుగునపుడు వెలుపలి చక్రము ఎక్కువ దూరమును లోపలి చక్రము తక్కువ దూరమును పోవలెను గదా. ఆ రెంటికిని వేగమును వేఱువేఱుగా పంచి ఇచ్చు డిఫరెన్షియల్ అను పెట్టెలోని గేర్లను ఆచారి స్వహస్తములతో ఇత్తడిని మలచి చేసెను. ఉక్కువి కొందమని కూతురు బతిమాలినను "అంగడి సరుకు నా చేతిపని ముందు దిగదుడుపేనే" అని త్రోసిపుచ్చెను.

పది చుట్ల పందెమున ఏడవ చుట్టువఱకు సుగుణ కారే ముందుండెను. అంతట మలుపు దాటి వేగము పెంచినంతనే కారు కడుపులో కరకరమని చప్పుడు పుట్టి వెనుకభాగము ఒకప్రక్కకు జాఱెను. గేరు పండ్లు విఱుగుచున్నవని ఆ కన్య తత్క్షణమే గ్రహించెను. వేగము తగ్గింపకున్న గెలుపు దక్కవచ్చును; లేదా నడిదారిలో కారు నిలిచిపోయి తండ్రి చేతిపని పదిమందిలో నవ్వులపాలు కావచ్చును. తలపోయుటకు తీరికయేది? ప్రతి మలుపునందును వేగము మెల్లగా విడిచి మెల్లగా అందుకొనుచు పసిబిడ్డను నడిపించినట్లు కారును గీత దాటించెను. అయితే ఆఖరి మలుపున వేఱొక కారు ముందుకు పోయి పందెము గెలిచెను.

ఆచారి బావమఱది సోమలింగము పకపక నవ్వెను.

"ఏం బావా, నీ గేర్లకి కూడా నీలాగే ముందు పళ్లు ఊడాయేమో చూడు!"

"నోర్ముయ్యరా. గేర్లకేం కాలేదు. మలుపులో దీనికే గుండె జారింది. భయపడ్డావా లేదా, చెప్పవే!"

"భయపడ్డాను నాన్నా" అని సుగుణ తలవంచుకొనెను.

అందఱియెదుట నిరూపింపదలచి ఆచారి మరలు విప్పి పెట్టె మూత ఎత్తెను. నల్లని జిడ్డునడుమ మూడు పండ్లు విఱిగిపడి పచ్చని రజను మెఱయుచుండెను. ఇట్టి గేర్లతో కారు గీత దాటుటకు ఎంతటి నేర్పు కావలయునో ముప్పదియేండ్లు లోహముతో బ్రతికిన మనుష్యునకు ఒకరు చెప్పవలెనా? ఆతని పెదవి కదలెను. సోమలింగమును వాని వెనుక పదిమందియు మెడలు సాచుచుండిరి. ఆచారి గభాలున మూత మూసెను.

"చెప్పాగా. గేర్లు నిక్షేపంగా ఉన్నాయి."

తాను మోయవలసిన సిగ్గును ఒకడు దింపుకొన్నచో అది నేలపై నిలువదు. దగ్గఱనున్నవారి భుజమునే ఎక్కును. తండ్రి మోచేతిప్రక్కనుండి సర్వమును చూచిన సుగుణ దుమ్ములో పడిన మరలను ఒక్కొక్కటిగా ఏఱి తుడిచి ఆతని అరచేత పెట్టుచుండెను.