సర్కారుది

సంగప్ప నీలం రేకు మీద తెల్లరంగుతో ‘ప’ రాసి, కింద రావత్తు దిద్దుతున్నాడు. గీత వంకర పోకుండా మణికట్టును రేకుకు ఆనించాడు. రొప్పు వచ్చినప్పుడల్లా ఆగుతున్నాడు. బడి, దవాఖాన, చెరువు కింది శిఖం భూమి, అన్నింటికీ బోర్డులు రాసింది అతనే. ‘ప్రభుత్వ’ అన్న మాట అతని చేతికి సొంత పేరు కంటే బాగా వచ్చు.

ఈ బోర్డు మాత్రం అతని చెలకలోనే పాతాలి. గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీల వెనక, ఒకప్పుడు సర్కారే అతని తండ్రికి పట్టా ఇచ్చిన నేల. కొత్త ఫ్యాక్టరీల కోసం సర్కారే వెనక్కి తీసుకుంది. వేరే పెయింటర్‌ను పిలుస్తామంటే సంగప్ప ఒప్పుకోలేదు. గట్టు వారన అతని భార్య నీలమ్మ సమాధి ఉంది. పోయిన వానాకాలమే ఆమెను అక్కడ పూడ్చారు.

తహసీల్ ఆఫీసు నుంచి వచ్చిన కళ్యాణ్ సున్నం గుర్తు చూపించాడు. “కాకా, ఖంబం గీడనే పాతాలె.”

“గక్కడ మా ఇంటామె ఉన్నది, సారూ.”

కళ్యాణ్ మట్టిదిబ్బ వంక చూసి తల దించుకున్నాడు.

“బోరింగు కాడ ఆడోళ్లు కొట్లాడితే, మా ఆమె ‘సర్కారుదంటే మనందరిదే గదనే, జెర ఆగున్రి’ అంటుండె,” అన్నాడు సంగప్ప. “ఇప్పుడు సర్కారుదంటే ఎవలది సారూ?”

కళ్యాణ్ సున్నం గుర్తును కాలితో చెరిపాడు. “జెర అవతలికి జరిపి పాతుదాం. అడిగితే నేను చెప్పుకుంట,” అన్నాడు.

పొద్దు వాలేసరికి బోర్డు నిలబడింది. ‘ఇది ప్రభుత్వ భూమి. లోపలికి ప్రవేశించరాదు.’ కళ్యాణ్ జీపులో దింపుతానన్నా సంగప్ప ఎక్కలేదు. “మీరు పోన్రి. ఆమె కాడ జెరసేపు కూసుంట.”

అందరూ వెళ్లాక దిబ్బ మీద చేయి వేశాడు. “నీలమ్మా, మంచిగనే రాసిన. నా మీద కోపం జెయ్యకు.” రొప్పు ఆగలేదు. ఆమె పక్కనే మెల్లగా ఒరిగాడు.

కంచె వేయడానికి పొద్దున వచ్చిన కూలీలు అతన్ని లేపబోయారు. ఒళ్లు చల్లబడి ఉంది.

“పెండ్లాం పక్కనే పెడతం సారూ,” అని ఊరివాళ్లు కళ్యాణ్‌ను బతిమిలాడారు. అతను పైవాళ్లకు ఫోను చేశాడు. చాలాసేపు విన్నాడు. “సర్కారు భూమి గదా, కుదరదంటున్నరు,” అన్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా.

సంగప్పను ఊరి శ్మశానానికి మోసుకుపోయారు. సాయంత్రానికి చెలక చుట్టూ కంచె తీగ బిగిసింది. లోపల సమాధి పక్కన, అతను విడిచిన రబ్బరు చెప్పులు రెండూ ఆమె వైపే తిరిగి ఉన్నాయి.