వీపు ఆనే కుర్చీ

పొద్దున్నే, చొక్కాల ఫ్యాక్టరీలో అందరూ కళ్లద్దాల అత్త అని పిలిచే పెద్దావిడను రెక్క పట్టుకుని గేటు బయటికి గెంటేశారు. ముప్పై ఏళ్లు చొక్కాల కాలర్లు కుట్టిన మనిషిని చెప్పులు కూడా తొడుక్కోనివ్వలేదు. కుట్టు హాల్లో అరవై మందీ చూశారు. పెద్దకోడలు మాత్రం తలెత్తలేకపోయింది, ఆ చిచ్చు పెట్టింది తనే కాబట్టి.

నెల కిందట పెద్దాఫీసు నుంచి టై కట్టుకున్నవాడొకడు వచ్చాడు. సంస్థల సంస్కృతి నాలుగు రకాలని బోర్డు మీద గీశాడు. ఇల్లులాంటిది, సంతలాంటిది, హుకుం మీద నడిచేది, కొత్తదనం వెంట పరిగెత్తేది. "మనది ఇల్లు. మనమంతా ఒకే కుటుంబం," అన్నాడు. ఆ నోటితోనే సంత తెరిచాడు. వారంలో ఎక్కువ కాలర్లు కుట్టినవాళ్లకో, ఇస్త్రీ చేసినవాళ్లకో వీపు ఆనే కుర్చీ, మిగతావాళ్లకు పాత స్టూళ్లే.

మూడు వారాలూ కుర్చీ పెద్దకోడలి తోటికోడలికే దక్కింది. ఇంటికి తనకన్నా వెనక వచ్చింది, మిషను తొక్కడం తన దగ్గరే నేర్చుకుంది, ఇప్పుడు దర్జాగా వీపు ఆనించి కూర్చుంటోంది! పెద్దకోడలికి కడుపు మండిపోయింది. నవ్వకండి, మీకు మాత్రం ఎవరి కుర్చీ మీదా కన్ను పడలేదా?

కళ్లలో వత్తులు వేసుకుని కాపలా కాసింది. నాలుగో వారం దొరికింది. వేళ్లు తిమ్మిరెక్కిన అత్త లెక్క తగ్గకుండా, ఆమె బుట్టలోకి తోటికోడలు రోజూ తను కుట్టిన పది కాలర్లు జారవిడుస్తోంది. అంటే, పది ఇచ్చేసి కూడా గెలుస్తోందన్నమాట! ఇక ఆగలేక సూపర్‌వైజరు చెవిన వేసింది.

అత్తను గెంటించాక సూపర్‌వైజరు అందరి టార్గెట్టూ రోజుకు పది కాలర్లు పెంచాడు.

"ఇంకొకళ్లకి కుట్టిపెట్టే ఓపిక ఉందిగా, కంపెనీకి కుట్టండి." కుర్చీ తెచ్చి పెద్దకోడలి ముందు వేశాడు. "కూర్చో."

నెలరోజులుగా కలలోకి వచ్చిన కుర్చీ. ఆమెకు కూర్చోబుద్ధి కాలేదు.

"చెప్పింది నేనే," అంది తోటికోడలి వైపు చూపిస్తూ, అందరికీ వినబడేలా. "దీన్ని చూసి ఓర్వలేక చెప్పాను."

"ఛీ!" అన్నాడు ఇస్త్రీ బాబాయి. మళ్లీ తనే తల గోక్కున్నాడు. "నేను మాత్రం? ఈ కుర్చీ కోసం మా పక్కోడితో పది రోజులుగా మాటల్లేవు."

"అడిగితే ఇచ్చేదాన్ని కదక్కా," అంది తోటికోడలు.

"అదేనే నా మంట! నేను నిన్ను అడగాలా? నేను కుళ్లి ఏడ్చింది చాలు, ఆ పక్క పట్టు."

ఇద్దరూ చెరో పక్క పట్టి కుర్చీ లేపారు. ఒక్కొక్క మిషనే ఆగింది. అరవై మందీ గేటు బయటికి నడిచి, అత్తను కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టూ నేల మీద కూర్చున్నారు.

"ఇదేం సంస్కృతి?" అని అరిచాడు మేనేజరు.

"ఐదో రకం. మీ బోర్డు మీద లేదు," అన్నాడు బాబాయి. "అత్తను పనిలోకి తీసుకో, ఆ పదీ తీసెయ్, అందరికీ వీపు ఆనే కుర్చీలు వెయ్!"

మధ్యాహ్నానికి పోలీసు వ్యాను దిగింది. "మీ నాయకులెవరు?"

తోటికోడలు లేచింది. పెద్దకోడలు ఆమె చెయ్యి పట్టి వెనక్కి లాగింది.

"ఆగవే. ఇక్కడా నాకన్నా ముందేనా?"

తనే ముందెక్కింది. వెనకే తోటికోడలు, ఆ వెనక బాబాయి. నేను ముందంటే నేను ముందని మిగతావాళ్లు తోసుకున్నారు. వ్యాను చాలలేదు. పోలీసులు ఇంకోదాని కోసం ఫోను చేస్తుంటే, అత్త కుర్చీలోంచి లేచి, చెప్పుల్లేని కాళ్లతోనే వచ్చి వరసలో నిలబడింది.