బోర్డు దిగే గేదె

హుబ్బళ్ళి పాత బస్టాండు ఎదుట గౌరవ్వ వెన్నదోసె హోటలు ఐదింటికే తెరిచేవారు. దానమ్మ షట్టరెత్తి ముంగిట నీళ్లు చల్లేది. దోసెల మేస్త్రీ ఈరప్ప పెనం కింద కట్టెలు అంటించేవాడు. ఈలోగా బోర్డు మీద బొమ్మగా ఉన్న గేదె కిందికి దిగి, కుడితి తాగి, బకెట్ నిండా పాలిచ్చి, జనం వచ్చేలోపు మళ్లీ బోర్డెక్కేది. ఆ పాలు తోడుపెట్టి మర్నాడు వెన్న తీసేవాళ్లు.

గౌరవ్వ అన్న పేరూ, ఆ గేదే దావణగెరె సావుకారు చన్నవీరప్పవి. అక్కడి ఆయన సొంత హోటలు బోర్డు మీదా ఇలాంటి గేదే ఉంది. ఆరేళ్ల కిందట దానమ్మ ఆయనతో ఒప్పందం రాసుకుని ఆ పేరుతో హోటలు పెట్టుకుంది. బోర్డు రంగు మార్చకూడదు, రుచి తగ్గకూడదు, ఎవడైనా ఆ పేరు వాడుకుంటే వెంటనే ఉత్తరం రాయాలి. ఇవి ఆమె పూచీ. అలాంటివాడి మీద కేసు వేసి పేరు కాపాడటం సావుకారు పూచీ.

పోయిన శ్రావణంలో రోడ్డుకి అవతల మల్లేశి అనేవాడు 'గౌరవ్వా వెన్నదోసె' అని బోర్డు పెట్టాడు. ఒక్క దీర్ఘం తేడా. అదే రంగు, అలాంటి గేదే. కాకపోతే వాడి గేదె కిందికి దిగదు. వాడు దోసె మీద డాల్డా రాస్తాడు.

దానమ్మ ఆ రోజే దావణగెరెకి రిజిస్టరు ఉత్తరం పంపింది. జవాబు లేదు. రోడ్డవతల డాల్డా దోసెలు అమ్ముడవుతున్నకొద్దీ ఇక్కడ గేదె డొక్కలు ఎండిపోయాయి. పాలు సగానికి పడ్డాయి. ఒకరోజు ఒకావిడ, వాంతులవుతున్న కూతుర్ని భుజాన వేసుకొచ్చి, "ఏం పెట్టావే నా బిడ్డకి?" అని అందరి ముందూ దానమ్మని దులిపేసింది.

"అది మా హోటలు కాదక్కా, అవతలిది."

"గౌరవ్వ అంటే గౌరవ్వే కదా! గేదె బొమ్మ చూసేగా వెళ్లింది!"

దానమ్మ ఆ రాత్రే దావణగెరెకి రెండో ఉత్తరం రాసింది.

ఈసారి జవాబొచ్చింది. మీ గేదె బక్కచిక్కి మా పేరుకి మచ్చ తెస్తోంది, ఒప్పందం రద్దు చేస్తున్నాం, నెలలో బోర్డు దించండి అని. దానమ్మకి ఒళ్లు మండిపోయింది. అప్పటికప్పుడు దావణగెరె బస్సెక్కింది.

"మల్లేశి మీద కేసంటే ఏళ్లు పడుతుంది," అన్నాడు సావుకారు, తమలపాకుకి సున్నం రాసుకుంటూ. "వాడికి గిరాకీ బాగుంది. నీ చోటు వాడికే ఇస్తే ఏ గొడవా ఉండదు కదమ్మా!"

"నా పొట్ట కొట్టినవాణ్ణి తెచ్చి నా చోట కూర్చోబెడతావా?" ఆరేళ్లలో మొదటిసారి ఆయన్ని నువ్వు అంది. "నా మొదటి ఉత్తరం నీకంది ఎన్ని రోజులైంది?"

"ఎవడికి తెలుసు?"

"తొంభై నాలుగు. పద్నాలుగో షరతు చదువుకో. తొంభై రోజుల్లో నువ్వు కదలకపోతే నా పేరు మీద నేనే కోర్టుకెళ్లొచ్చు."

"దోసెలేసుకునేదానివి, నీకు కోర్టులెందుకే?"

"దోసెలేస్తాను కాబట్టే!"

కేసు వేసింది. మల్లేశి మొదటి ప్రతివాది, పేరు కాపాడని సావుకారు రెండో ప్రతివాది. రెండు హోటళ్లూ చూసి రమ్మని కోర్టు ఒక లాయరమ్మని పంపింది.

ఆవిడ పొద్దున్నే వచ్చి కాగితాలు తీసింది. గేదె బోర్డు దిగింది. నిలబడే ఓపిక కూడా లేదు దానికి. అయినా కుడితి వైపు పోలేదు. మెల్లగా రోడ్డు దాటి, ముందుకాళ్లు మల్లేశి అరుగు మీద పెట్టి, వాడి బోర్డు నాకడం మొదలుపెట్టింది. ముందు దీర్ఘం పోయింది. తర్వాత పేరు. ఆ తర్వాత వాడి గేదె. మల్లేశి అరుస్తూ చెంబెడు నీళ్లు విసిరాడు. అది తోకైనా ఆడించలేదు.

'రెండో హోటలు బోర్డు: ఖాళీ' అని లాయరమ్మ రాసుకుంది.

ఆ వారమే ఉత్తర్వొచ్చింది. మల్లేశి ఆ పేరు వాడకూడదు, కేసు తేలేదాకా దానమ్మతో ఒప్పందాన్ని సావుకారు రద్దు చేయకూడదు. సావుకారు ధార్వాడ పేడా డబ్బా పట్టుకుని స్వయంగా వచ్చాడు.

"ఎంతైనా గేదె మనదే కదమ్మా. కేసులోంచి నా పేరు తీయించు."

దానమ్మ డబ్బా తిరిగి ఆయన చేతిలో పెట్టేసింది. "గేదె నీదే. దాని డొక్కలెండుతుంటే చూస్తూ కూర్చున్నదీ నువ్వే. ఆ మాట జడ్జిగారితో చెప్పుకో."

సాయంత్రం ఆయన దావణగెరె చేరేసరికి సొంత హోటలు ముందు జనం మూగి ఉన్నారు. బోర్డు మీద గౌరవ్వ అన్న పేరొక్కటే ఉంది. గేదె దిగి వెళ్లిపోయింది.