రికాబులో వట్టి కాలు

మా అబ్బాయి పోలిరాజు గుర్రం పక్కన నిలబడి రికాబులో కాలు పెట్టాడు. వట్టి కాలు. ఆ ఇనప వలయం పొద్దుటి మంచుకి చల్లగా తగిలిందేమో, వేళ్లు ఒక్కసారి ముడుచుకున్నాయి. ఒంటి మీద నల్ల బట్టలు, మెడలో మాల, నుదుట విభూతి, దాని మీద హెల్మెట్.

ముమ్మిడివరం రోడ్డు పక్క ఆ మైదానం అంచున ఫలహారం క్యారియర్ పట్టుకుని నిలబడ్డాను. మా ఆయన గంగాధరరావుగారు స్కూటర్ దిగలేదు. "స్వామియే" అని ఆయన అంటే "శరణమయ్యప్ప" అంటూ పోలిరాజు పైకి లేచాడు. లేవడంలో తడబడి, జీను పట్టుకుని ఎలాగో కూర్చున్నాడు. వేసవికి ముందైతే ఎగిరి కూర్చునేవాడు.

వేసవిలోనే వాడు గుర్రం మీంచి పడ్డాడు. భుజం దగ్గర ఎముక విరిగింది. ఆసుపత్రి మంచం మీద పడుకుని, ఎముక అతికి మళ్లీ గుర్రం ఎక్కగలిగితే మాల వేసుకుంటానని మొక్కుకున్నాడు. స్వామి దయవల్ల అతికింది. కార్తీకంలో మాల వేసుకున్నాడు. ఇంతలో కాకినాడలో గుర్రపు స్వారీ పోటీలు పెట్టారు. ఆదివారం పోటీ. దీక్ష ఇంకా అవలేదు. వాడు రెండూ వదలనన్నాడు.

వాడికి స్వారీ నేర్పిన ఏసుదాసుగారు పోలీసుల గుర్రపు దళంలో చేసి రిటైరై వచ్చారు. నేర్చుకోవడానికి ఎవరొచ్చినా ఆయన ముందు గుర్రాన్ని చూపించరు. కాలవగట్టు మీద గుంజీలు తీయిస్తారు. ఒంటికాలి మీద నిలబెడతారు. గడ్డిమేటు మీంచి దొర్లమంటారు. "గుర్రం పడెయ్యడం ఖాయవండి. దెబ్బ తగలకుండా పడ్డం నేర్పడవే నా పని" అని నవ్వుతారు. ఎముక అతికాక పోలిరాజుతో కూడా మళ్లీ మొదటినుంచీ అవన్నీ చేయించారు. తొడలు గట్టిపడ్డాయి, నడుం నిలబడింది.

మాల వేసుకున్నాక అవి పోయాయి. తెల్లారకుండా చన్నీళ్ల స్నానం, పూజ, ఒంటిపూట భోజనం, చాప మీద పడక. కసరత్తుకి పొద్దు చాలలేదు. పిల్లవాడు చిక్కిపోయాడని నాకు తెలుస్తూనే ఉంది. కానీ ఎవరు చెబుతారు? మాలలో ఉన్నవాడు పోలిరాజు కాదు, స్వామి. కన్నతల్లినైనా "స్వామీ, భిక్షకి రండి" అనాల్సిందే. స్వామి మాటకి ఎదురు చెప్పకూడదు, మనసు కష్టపెట్టకూడదు. మా ఇళ్లల్లో అదే నడుస్తోంది.

వాడు గుర్రాన్ని మెల్లగా నడిపిస్తున్నాడు. దాని పేరు కస్తూరి. చిన్న వయసుది, చురుకైంది. నేను ఏసుదాసుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన కళ్లు వాడి మొహం మీద కాదు, కాళ్ల మీద ఉన్నాయి.

"మాస్టారూ, బూట్లు లేకుండా ఎక్కొచ్చా అండీ?"

"ఎక్కకూడదండి" అన్నారు నెమ్మదిగా. "బూటుకి వెనక ఎత్తుగా మడమ ఉంటుంది కదండీ. అది రికాబుకి అడ్డం పడి కాలు ముందుకి పోనివ్వదు. వట్టి కాలైతే జారి చీలమండ దాకా దూరిపోద్ది. అప్పుడు గానీ పడ్డాడో, మనిషి కింద, కాలు పైన. గుర్రం పరిగెడతానే ఉంటది."

"మరి చెప్పలేదేంటండీ?"

"నేనెలా చెప్పనమ్మగారూ? ఆయన మాలలో ఉన్న స్వామి. నేనేమో ఆదివారం చర్చికెళ్లేవోణ్ణి. స్వామిని బూట్లేసుకోమన్నానని రేపు ఊళ్లో ఎవరన్నా అంటే? మాల వేసిన గురుస్వామిగారిని అడగండని మీ అబ్బాయిగారితో ఓసారి అన్నానండి. ఆయన నవ్వేసేరు."

"ఏంటక్కడ గుసగుసలు?" అని మా ఆయన స్కూటర్ మీంచి కేకేశారు. "స్వామి పక్కన స్వామే ఉంటాడు. నువ్వూరికే అపశకునం మాటలు మాటాడకు."

స్వామి ఉంటాడు. నేనూ నమ్ముతాను. కానీ ఆయన పక్కనే ఉన్నాడని రోడ్డు మీద కళ్లు మూసుకుని నడుస్తామా? ఈ మాట మా ఆయనతో అందామనుకుని, అయ్యప్ప వింటాడేమోనని ఊరుకున్నాను.

పోలిరాజు గుర్రాన్ని పరిగెత్తించాడు. జీను మీద లేచి కూర్చున్నప్పుడల్లా వాడి నడుం పక్కకి ఒరగడం నాకు కూడా కనిపిస్తోంది. ఏసుదాసుగారి పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేసుకుంటున్నారో, గుర్రం అడుగులు లెక్కపెడుతున్నారో తెలియలేదు.

అంతలో మైదానం వెనక రొయ్యల చెరువు మీద టపాకాయ పేలింది. కొంగల్ని తోలడానికి అక్కడ రోజూ పేలుస్తారు. కస్తూరి బెదిరి పక్కకి గెంతింది. పోలిరాజు ముందుకి తూలి, పగ్గాలు గుంజి, దాని మెడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. హమ్మయ్య అనుకునేలోపే చూశాను. వాడి ఎడమ పాదం కనిపించడం లేదు. రికాబు చీలమండ దగ్గరుంది.

గుర్రం దౌడు అందుకుంది.

"దూకేస్తాను మాస్టారూ!" అని అరిచాడు పోలిరాజు.

"వద్దండి! దిగకండి స్వామీ! కాలు ఇరుక్కుందండీ!"

ఆ మర్యాద మాటలు ఆ పరుగులో ఎవరికి వినబడతాయి? వాడు కుడి కాలు రికాబులోంచి లాగేశాడు. ఎడమ పక్కకి దూకడానికి ఆ కాలు ఎత్తుతున్నాడు. దిగితే ఎడమ కాలు పైన వేలాడుతుంది, తల గుర్రం వెనక డెక్కల దగ్గరుంటుంది.

చేతిలో క్యారియర్ కింద పడిపోయింది.

"ఒరేయ్ పోలిరాజూ! దిగేవంటే చంపేస్తాను! కూర్చోరా!"

ఆ గొంతు నాదేనా అనిపించింది. ఎత్తిన కాలు ఆగింది. వాడు నావైపు చూశాడు. మళ్లీ కూర్చున్నాడు. వంగి గుర్రం జూలు రెండు చేతులా పట్టుకున్నాడు.

"కూర్చో! అలాగే కూర్చో! కదలకు!"

ఏసుదాసుగారు పరిగెత్తలేదు. చేతులు కిందికి పెట్టుకుని, గుర్రం వచ్చే దారికి పక్కగా నిలబడి, "ఏవమ్మా కస్తూరీ, ఎందుకమ్మా ఆ కోపం" అని చంటిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడారు. అది ఆయన్ని దాటిపోయింది. మళ్లీ తిరిగి వచ్చింది. ఈసారి వేగం తగ్గింది. ఆయన కళ్లెం పట్టుకున్నారు. నేను వెళ్లి వాడి మోకాలు పట్టుకున్నాను. మాస్టారు వాడి పాదాన్ని వెనక్కి వంచి, మెలితిప్పి రికాబులోంచి బయటికి తీశారు. చీలమండ చుట్టూ చర్మం లేచిపోయి నెత్తురు కారుతోంది. వాడు కిందికి దిగి నేల మీద కూలబడ్డాడు.

మా ఆయన అప్పటికి స్కూటర్ దిగి వచ్చారు. మొహం తెల్లబోయి ఉంది, నోరు మాత్రం ఆగలేదు.

"మాలలో ఉన్న స్వామిని ఒరేయ్ అంటావా? చంపేస్తానంటావా? లెంపలేసుకో!"

నేను తూర్పుకి తిరిగి లెంపలేసుకున్నాను. "తప్పు కాయి తండ్రీ" అన్నాను. అది అయ్యప్పకి. తర్వాత కొడుకువైపు తిరిగాను.

వాడు తల వంచుకునే అన్నాడు. "ఆదివారం ఈ గుర్రం కాదులే అమ్మా. నెమ్మదైన దాన్ని తీసుకెళ్తాను."

"ఏ గుర్రవైనా ఎక్కనివ్వనండి" అన్నారు ఏసుదాసుగారు.

మా ఆయన మాస్టారి వైపు తిరిగారు. "ఏంటి మాస్టారూ, మా దీక్షల గురించి మీరు..."

"ఆయ్, నేనేనండి చెప్తున్నాను. నన్నేవన్నా అనుకోండి, ఊళ్లో ఎవరితోనైనా చెప్పుకోండి. మాల తియ్యమనట్లేదు. బూట్లేసుకోమనట్లేదు. దీక్ష అయ్యేదాకా గుర్రం ఎక్కొద్దంటున్నాను. ఈ మాట మొన్నే చెప్పాల్సింది."

చెరువు మీద ఇంకో టపాకాయ పేలింది. నలుగురం ఉలిక్కిపడ్డాం.

"మాల వేసుకుంటానని మొక్కేవు, వేసుకున్నావు" అన్నాను పోలిరాజుతో. "మాలలోనే పోటీకెళ్తానని కూడా ఆ స్వామికి మొక్కేవా?"

"లేదు."

"మరి ఎవరికి మొక్కేవు?"

వాడు కాలికి అంటిన మట్టి తుడుచుకుంటూ, "పేరు పెట్టి పిలిచేవు, అందరి ముందూ" అన్నాడు. కళ్లల్లో నీళ్లున్నాయి. నొప్పివో, అవమానానివో.

"మళ్లీ స్వామీ అనే పిలుస్తాను. ముందు ఆదివారం సంగతి చెప్పు."

వాడు కస్తూరి వైపు చూశాడు. ఎక్కుతానంటాడేమోనని నా భయం. వాడిది నా మొండితనమే.

"మాస్టారూ," అన్నాడు చివరికి. "కాకినాడకి ఫోన్ చేసి నా పేరు తీసెయ్యమనండి. వచ్చే ఏడు చూద్దాం."

"ఆయ్, అలాగేనండి స్వామీ" అన్నారు ఏసుదాసుగారు.

ఆయన వెనక్కి తిరిగి గుర్రం పొట్ట కింద జీను పటకా విప్పబోయారు. బకిల్ మీద వేళ్లు రెండుసార్లు జారిపోయాయి. మా ఆయన అది చూసి వెళ్లి, ఆయన చెయ్యి పక్కకి తప్పించి, తానే విప్పడం మొదలుపెట్టారు.